కోర్కొవాడో అడవి తీరం వెంట సిరెనా దాకా ఇద్దరు కలిసి నడవడం ఎలా?

కోస్టారికా దక్షిణ కొసన, ఓసా ద్వీపకల్పంలో కోర్కొవాడో నేషనల్ పార్క్ ఉంది. 1975లో ఏర్పాటైంది. ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క ఇసుక అంచు దాకా దిగివచ్చిన వర్షారణ్యం. కరాతే అనే చోట రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి లా లియోనా అటవీ స్టేషన్ మూడున్నర కిలోమీటర్లు, ఆ తర్వాత సిరెనా స్టేషన్ సుమారు 16 కిలోమీటర్లు. ఈ దారి నేను ఐదుసార్లు నడిచాను. ప్రతిసారీ నేనూ, ఒక ఫ్రెండూ, మాతో ఒక గైడూ.

అమెరికా నుంచి మన తెలుగు కుర్రాళ్లు చాలామంది ఇప్పుడు కోస్టారికా వెళ్తున్నారు. నన్ను సలహా అడిగేవాళ్లంతా షూస్ గురించి, కెమెరా గురించి, దోమల మందు గురించి అడుగుతారు. సముద్రం ఆ రోజు ఏ టైముకి వెనక్కి వెళ్తుందని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. ఈ నడకలో తెలుసుకోవాల్సింది ముందు అదే.

సామాను, అనుమతులు

ఇవి త్వరగా ముగించేద్దాం. 2014 నుంచి గైడ్ లేకుండా పార్కులోకి వెళ్లనివ్వరు. పర్మిట్, సిరెనాలో మంచం, భోజనం అన్నీ గైడే బుక్ చేస్తాడు. మీరు పాస్‌పోర్ట్ వివరాలు ఇస్తే చాలు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. అక్టోబర్‌లో వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి, ఆ నెలలో సిరెనా సాధారణంగా మూసే ఉంటుంది.

మనిషికి ఎనిమిది కిలోలకు మించి బరువు వద్దు. టెంటు అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. పలుచటి దోమతెర, త్వరగా ఆరే రెండు జతల బట్టలు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, హెడ్‌ల్యాంప్, మూడు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. బ్యాగు లోపల సామానంతా ఒక మందపాటి కవర్లో వేసి మూతి బిగించండి. బయట తొడిగే రెయిన్ కవర్ నదిలో పనిచేయదు. దారిలో తినడానికి పల్లీచిక్కీ తీసుకెళ్లండి. ఎండకి చాక్లెట్ కరిగి చేతికంటుతుంది, చిక్కీ కరగదు.

షూస్ విషయం ఒక్కటి చెప్పాలి. గోర్‌టెక్స్ వద్దు. నీళ్లు లోపలికి రానివ్వదని కొంటారు గానీ నది దాటేటప్పుడు నీళ్లు పైనుంచే వస్తాయి, వచ్చినవి ఇక బయటికి పోవు. తడి కాలితో పది కిలోమీటర్లు నడిస్తే మడమ తోలు ఊడుతుంది. జాలీ ఉన్న మామూలు ట్రెయిల్ షూస్ అరగంటలో సగం ఆరిపోతాయి.

తేదీ ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడకండి. నేను కాకినాడ దగ్గర పుట్టాను. మా తీరంలో వేటకు వెళ్లేవాళ్లకి తిథి చూడకుండా రోజు మొదలవదు. అమావాస్యకీ పున్నమికీ పోటు (సముద్రం పొంగడం) పెద్దది, పాటు (వెనక్కి తగ్గడం) లోతైనది. అష్టమికి రెండూ మందంగా ఉంటాయి. పసిఫిక్‌లోనూ నడిపించేది ఆ చంద్రుడే.

కోర్కొవాడో తీరంలో పున్నమి, అమావాస్య రోజుల్లో సముద్రం బాగా వెనక్కి తగ్గేది ఉదయం దాదాపు తొమ్మిది గంటలకి. ఆ తర్వాత రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అంటే విదియ, తదియ నాటికి పాటు పదిన్నర, పదకొండు గంటలకి పడుతుంది. లా లియోనాలో ఏడింటికి బయల్దేరినవాళ్లు కష్టమైన చోట్లకి చేరేదీ ఆ వేళకే. అందుకే విదియ నుంచి చవితి లోపు తేదీ ఖాయం చేసి, ఆ తర్వాతే విమానం టికెట్ కొనండి. అష్టమి రోజైతే ఉదయం తొమ్మిది ప్రాంతంలో నిండు పోటు ఉంటుంది, పాటు మధ్యాహ్నం మూడు దాటాకే. ఆ రోజు నడవాలనుకునేవాళ్లకి నా సలహా, నడవవద్దు.

మన పంచాంగంలో గంటలు మాత్రం నేరుగా వాడకండి. కోస్టారికా మనకన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. తిథితో రోజు ఎంచుకోండి, గంటకి మాత్రం ఆ తీరం పోటుపాట్ల పట్టికే ప్రమాణం. దాన్ని కాగితం మీద రాసుకుని ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంచుకోండి. దారి పొడుగునా ఫోన్ సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకండి.

ముందు రాత్రి కరాతేలో పడుకోండి

ప్యుయెర్తో హిమెనెస్ ఊరి నుంచి కరాతేకి ఉదయం ఆరింటికి ట్రక్కు ఉంటుంది. గుంతల రోడ్డు, రెండు గంటలు పైనే పడుతుంది. దిగేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. అక్కడి నుంచి లా లియోనాకి ఇంకో గంట. అప్పటికే ఆలస్యం. డబ్బు మిగులుతుందని చాలామంది ఇదే చేస్తారు. వద్దు. ముందు రోజు మధ్యాహ్నమే వెళ్లి కరాతే వైపు పడుకోండి. బోటులో నేరుగా సిరెనా వెళ్లే పద్ధతీ ఉంది, డ్రేక్ బే నుంచి చాలామంది అలాగే వస్తారు. జంతువుల్ని చూడటానికి అది చాలు. అడవి అంచున ఇరవై కిలోమీటర్లు నడవడానికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

రాతి ముక్కులు, రియో క్లారో

మొదటి సగం హాయిగా సాగుతుంది. లా లియోనాలో నీళ్లు నింపుకుని, మాద్రిగాల్ నది దాటి, కాసేపు ఇసుకలో, కాసేపు చెట్ల నీడలో నడుస్తారు. తలమీద టపటప ఏదో రాలితే పైకి చూడండి. ఎర్ర మకావ్ చిలుకలు జంటగా కూర్చుని బాదంకాయలు కొరుకుతుంటాయి. మన ఇళ్ల ముందు పెరిగే ఆ బాదం చెట్టే, అక్కడ తీరమంతా ఉంది. కాయని ఒక కాలితో పట్టుకుని, పెచ్చు వలిచి, లోపలి పప్పు నాలుకతో తీసుకుని, డొల్ల కింద పడేస్తాయి. అక్కడ పది నిమిషాలు ఆగండి. అంతకన్నా ఎక్కువ ఆగకండి.

తర్వాత రాతి ముక్కులు మొదలవుతాయి. ముక్కు అంటే కొండ కాలు చాపినట్టు సముద్రంలోకి దిగిన చోటు. వాటిలో ఒకదాని పేరు సల్సిప్యుయెదెస్. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం ‘చేతనైతే బయటపడు’. పాటు వేళ రాళ్ల కింద తడి ఇసుక మీద నడిచిపోవచ్చు. పోటు వేళ అలలు కొండకే కొడతాయి. కొన్ని చోట్ల అడవిలోంచి పైదారి ఉంది, అన్ని చోట్లా లేదు.

ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. నీళ్లు తగ్గే కాలం ఆరు గంటలు, పెరిగే కాలం ఆరు గంటలు అనుకుంటే, పెరగడం అన్ని గంటల్లోనూ సమానంగా ఉండదు. మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతే. చూస్తే నీళ్లు కదలనట్టే ఉంటుంది. రెండో గంటలో రెండు వంతులు. మూడు, నాలుగు గంటలు కలిపితే సగానికి సగం వచ్చేస్తుంది. ఆ తీరంలో పున్నమి పోటు మూడు మీటర్ల దాకా లేస్తుంది, అంటే రెండు గంటల్లో మీటరున్నర, దాదాపు మీ మెడ ఎత్తు. పాటు దాటి గంటైనా నీళ్లు దూరంగానే ఉన్నాయి కదా అని ఫోటోలకి ఆగినవాళ్లు తర్వాతి ముక్కు దగ్గర ఇరుక్కుంటారు.

మొదటిసారి నేనూ ఇరుక్కున్నాను. ముందు రాత్రి ఉన్న బసలో టిఫిన్ గంటన్నర ఆలస్యమైంది, మేం ఆ గంటన్నరని లెక్కలో కలుపుకోలేదు. రెండు ముక్కుల మధ్య చిన్న ఇసుక తిన్నె మీద, వెనక నిట్టనిలువు బురద కొండ, ముందు అలలు. గైడ్ మమ్మల్ని ఒక చెట్టు వేళ్ల మీదకి ఎక్కించాడు. ఐదు గంటలు అక్కడే కూర్చున్నాం. పొద్దున మేం నడిచొచ్చిన అడుగుల గుర్తులు ఒక్కొక్కటే చెరిగిపోవడం చూశాను. మా ఫ్రెండ్ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నా నియమం ఒకటే: ఆఖరి ముక్కు దగ్గరికి నీళ్లు ఇంకా తగ్గుతుండగానే చేరాలి. పాటుకి గంటన్నర ముందు చేరితే మంచిది, పాటు దాటిన అరగంట తర్వాతైతే ఆగిపోవాలి. మరీ ముందుగా చేరితే నీడలో కూర్చోండి, అందులో నష్టమేమీ లేదు.

ఆ తర్వాత రియో క్లారో. సిరెనాకి కొద్ది దూరంలో ఉంటుంది. పాటు వేళ మోకాలు లోతు, పోటు వేళ మెడ దాకా. దీనికి సముద్రం లెక్క ఒక్కటే సరిపోదు. కొండల్లో రాత్రి వాన పడితే పాటు వేళ కూడా నది నిండుగా ఉంటుంది. నీళ్లు కాఫీరంగులో ఉన్నా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా దిగవద్దు. గైడ్ ముందు దిగి కర్రతో లోతు చూస్తాడు. అతను చూపిన చోటే దాటండి. ఇటువైపు ఇసుక బాగుంది కదా అని మీరు వేరే రేవు చూసుకోకండి. ఈ నదుల మొగల్లో మొసళ్లుంటాయి, సిరెనా నది మొగలోకి బుల్ షార్కులు కూడా వస్తాయి.

దిగేముందు నడుం బెల్టు, ఛాతీ బెల్టు రెండూ విప్పండి. జారితే బ్యాగు వదిలేయగలగాలి. షూస్ విప్పకండి. పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, ఎందుకంటే ఇసుకలో టేకు చేపలు (స్టింగ్‌రేలు) కప్పుకుని ఉంటాయి, పాదం తగిలితే పక్కకి పోతాయి, మీద అడుగు వేస్తే ముల్లు దింపుతాయి. ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టండి. బలంగా ఉన్నవాళ్లు ముందు, రెండోవాళ్లు వాళ్ల వెనకే భుజాలు పట్టుకుని. ఒకరు అడుగు వేస్తున్నప్పుడు ఇంకొకరు కదలకూడదు. నీళ్లు తొడ మధ్యకి వచ్చి కర్ర చేతిలో వణుకుతుంటే, అక్కడి నుంచే వెనక్కి రండి. తిరగకుండా, వచ్చినట్టే వెనక్కి అడుగులు వేసుకుంటూ.

ఇద్దరు వెళ్లేటప్పుడు ఒక మాట బయల్దేరే ముందే అనుకోవాలి. ఇద్దరిలో ఎవరు వద్దన్నా వద్దే, కారణం అడగకూడదు. ఇంత దూరం వచ్చాం కదరా, ఇంకొక్క పది అడుగులే కదా అని ఫ్రెండ్‌ని ఒప్పించడం స్నేహం కాదు. నీళ్ల దగ్గరికి వచ్చాక ఈ మాట అనుకోవడం కుదరదు, టెన్షన్‌లో ఎవరూ నిజం చెప్పరు. గైడ్ వద్దంటే ఇక మాటే లేదు.

సిరెనా చేరాక

బురద షూస్ కడిగి బయటే విడవండి. సాయంత్రం ఒడ్డు వైపు గైడ్‌తో వెళ్తే టాపిర్ కనిపించవచ్చు. రెండొందల కిలోలు దాటే జంతువు, చప్పుడు చేయకుండా నిలబడితే దాని పని అది చూసుకుంటుంది. ఈ అడవిలో నాలుగు రకాల కోతులున్నాయి, నాలుగూ ఒకే రోజు చూసినవాళ్లున్నారు. చీకటి పడ్డాక హెడ్‌ల్యాంప్ లేకుండా బాత్రూమ్‌కి కూడా వెళ్లకండి. టెర్సియోపెలో అనే విషప్పాము ఎండుటాకుల్లో ఆకులాగే ఉంటుంది.

తిరుగు ప్రయాణమూ ఇదే దారైతే రియో క్లారో ఈసారి మొదట్లోనే వస్తుంది, ముక్కులు ఆ తర్వాత. వచ్చిన రోజు లెక్క పనికిరాదు. గడిచిన ప్రతి రోజుకీ పాటు యాభై నిమిషాలు ఆలస్యమై ఉంటుంది. కాగితం తీసి, బయల్దేరే టైము ఇద్దరూ విడివిడిగా లెక్కగట్టండి. రెండు లెక్కలూ కలవకపోతే గైడ్‌ని నిద్ర లేపైనా అడగండి.