సిగ్నల్ దగ్గర మాత్రమే ఇంజన్ వేడెక్కుతుంటే: నా అనుభవం

హైవే మీద ఎంత దూరం పోయినా టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉండేది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆగితే చాలు, ఎర్ర గీత వైపు పాకేది. పాత పెట్రోల్ కారు. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), థర్మోస్టాట్ (ఆ ద్రవం పారకాన్ని అదుపు చేసే వాల్వు) మార్పించినా, రేడియేటర్ కడిగించినా లాభం లేదు. ఒక గ్యారేజీలో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజన్ విప్పాలన్నారు.

స్పీడులో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. అందుకే విప్పే ముందు ఫ్యాన్ సంగతి చూద్దామనుకున్నా. బాగా చల్లారాక కూలెంట్ మట్టం చూశాను, సరిగానే ఉంది (వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మొహం కాలుతుంది). స్టార్ట్ చేసి ఏసీ వేశాను, ఏసీ వేస్తే ఈ ఫ్యాన్ తిరగాలి. ఫ్యాన్ కదల్లేదు. ఇంజన్ ఆపి, ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే గిర్రున తిరిగింది. మోటారు ఓకే. ఫ్యూజూ ఓకే. ఇక మిగిలింది రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్. హారన్ రిలే మీద కూడా అదే నంబరు, అవే పిన్నులు ఉన్నాయని చూసుకుని రెండూ అటూ ఇటూ మార్చాను. ఫ్యాన్ తిరిగింది, హారన్ మూగబోయింది! ఫ్యాన్ రిలే పిన్ను ఒకటి నల్లగా కమిలిపోయి ఉంది. కొత్తది కొని గుచ్చాను, అంతే.

అన్ని బళ్లకీ ఇదే కారణం అనను. కొన్నింట్లో రిలే బదులు కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది. హైవే మీదా వేడెక్కుతుంటే, లేదా కూలెంట్ తరిగిపోతుంటే మాత్రం వాటర్ పంపు, లీకులు, గ్యాస్కెట్ నిజంగానే చూపించాలి.