పొగమంచులోకి ప్రవేశించే ముందు: రాడార్ ప్లాటింగ్ జాగ్రత్తలు

తెరపై ఒకటి రెండు సార్లు కనిపించిన చుక్కను నమ్మి చుక్కాని తిప్పకండి. 1956 జూలై 25 రాత్రి అమెరికా తీరంలో, నాన్‌టకెట్ సమీపంలో ఢీకొన్న ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ నౌకలు ఒకదాన్నొకటి రాడార్‌లో ముందే చూశాయి. ఆండ్రియా డోరియాపై మాత్రం ఎవరూ ప్లాటింగ్ (చుక్క కదలికను వరుస గుర్తులతో గీసి చూడటం) చేయలేదు.

మూడు నిమిషాలకొకటి చొప్పున మూడు గుర్తులు పెట్టండి. 6 నిమిషాలు గంటలో పదో వంతు కాబట్టి, ఆలోగా చుక్క 1.8 నాటికల్ మైళ్లు జరిగితే సాపేక్ష వేగం (మీ నౌకతో పోలిస్తే దాని వేగం) 18 నాట్లని, అంటే గంటకు 18 నాటికల్ మైళ్లని వెంటనే తెలుస్తుంది.

బేరింగ్ (ఆ నౌక కనిపించే దిశ కోణం) మారకుండా దూరం తగ్గుతుంటే ప్రమాదం ఉన్నట్టే.

కంటికి కనిపించని నౌక ముందువైపు ఉంటే, దాన్ని మీరు వెనుక నుంచి దాటిపోతున్నప్పుడు తప్ప, ఎడమకు తిరగవద్దని నౌకలు ఢీకొనకుండా ఉన్న అంతర్జాతీయ నిబంధనల్లోని 19వ నియమం చెబుతోంది.

అలల క్లట్టర్‌ను (అలల నుంచి తిరిగొచ్చి తెరపై పడే అనవసర చుక్కలను) అతిగా తగ్గించకండి. దానితోపాటు చిన్న ఫైబర్ పడవ, అందులోని మత్స్యకారులు కూడా తెరపై మాయమవుతారు.