స్పానిష్ స్వయంబోధిని – 7వ పాఠం: ‘కెదార్’ క్రియ (మొదటి భాగం)

గత పాఠంలో ‘మే గుస్త ఎల్ కఫే’ (నాకు కాఫీ ఇష్టం) వంటి వాక్యాలను నేర్చుకున్నాం. అదే పద్ధతిలో నడిచే మరో క్రియ ‘కెదార్’. నిఘంటువులో దీనికి మిగులు, నప్పు, ఫలానా చోట ఉండు, కలుసుకోవాలని అనుకొను అని పొంతన లేని అర్థాలు కనిపిస్తాయి. వాటిని వల్లె వేయడం కన్నా, క్రియ పక్కన ఏ మాటలు చేరుతున్నాయో గమనించడమే మేలు.

‘మే కేదన్ దోస్ దీయస్’ అంటే ‘నాకు ఇంకా రెండు రోజులు మిగిలి ఉన్నాయి’ అని. ఇక్కడ ‘మే’ అంటే ‘నాకు’. కర్త రోజులే కాబట్టి క్రియ బహువచనంలో ఉంది, ఒక్క రోజే మిగిలితే ‘మే కేద ఉన్ దీయ’ అవుతుంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారు ‘యో’ (నేను) అని మొదలుపెట్టి తడబడేది ఇక్కడే. తెలుగువారికి ‘నాకు’ అనడం అలవాటే కనుక ఆ తడబాటు అక్కర్లేదు.

దుస్తుల విషయంలోనూ ఇదే పద్ధతి: ‘ఎస కమీస తే కేద బియెన్’ (ఆ చొక్కా నీకు బాగా నప్పింది). ‘బియెన్’ తీసి ‘గ్రాందే’ పెడితే చొక్కా వదులైందని అర్థం.

‘దోందే కేద ల ఎస్తసియోన్?’ అంటే ‘స్టేషన్ ఎక్కడుంది?’ అని. భవనాలు, ఊళ్లు వంటి కదలని వాటికే ఈ వాడుక. మనుషులకు ‘ఎస్త’ అనే రూపమే వాడాలి.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది నాలుగో అర్థం. స్పెయిన్‌లో స్నేహితులు ‘కెదామోస్ మన్యాన?’ అని అడిగితే ‘రేపు కలుద్దామా?’ అని అర్థం. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల దీనికి బదులు ‘నోస్ వేమోస్’ అంటారు. పైగా ‘కెదామోస్’ అన్న రూపం వర్తమానానికీ భూతకాలానికీ ఒకటే కావడంతో, ‘కెదామోస్ అ లాస్ ఓచో’ అన్న వాక్యం ‘ఎనిమిదింటికి కలుద్దాం’ అనే ప్రతిపాదనో, ‘ఎనిమిదింటికని అనుకున్నాం కదా’ అని గుర్తుచేయడమో సందర్భమే చెప్పాలి.

అభ్యాసం: ‘నాకు ఇంకా పది నిమిషాలు ఉన్నాయి’, ‘ఈ చొక్కా నాకు వదులుగా ఉంది’, ‘శనివారం కలుద్దామా?’ అన్న వాక్యాలను స్పానిష్‌లో రాయండి. దుకాణంలో ‘ఇది తీసుకుంటాను’ అనడానికి వాడే ‘మే కేదో కొన్ ఎస్తే’లోని ‘మే’కు ‘నాకు’ అన్న అర్థం లేదు. ‘కెదార్సే’ అనే ఆ రూపాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.