కలం పట్టే ముందు: గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి కలంకారీకి కొన్ని జాగ్రత్తలు

– కొత్త గుడ్డలోని గంజి పూర్తిగా పోయేదాకా ఉతకండి. గంజి మిగిలితే కరక్కాయ రసం సమంగా పట్టదు.

– కరక్కాయ రసంలో కలిపే గేదె పాలు చిక్కగా ఉండాలి. రంగు పాకకుండా ఆపేది పాలలోని కొవ్వే. ప్యాకెట్ పాలలో నీళ్లు కలిపి సరిపెడదామనుకుంటే గీత ఈకలు ఈకలుగా విచ్చుకుంటుంది, నేను చేసి చూశాను. ముంచిన గుడ్డను గట్టిగా పిండి, బాగా ఆరబెట్టండి. వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి!

– నల్ల రంగు రేపు కావాలంటే ఈరోజు కలిపితే కుదరదు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో రోజుల తరబడి పులియాలి. పనికొచ్చిందో లేదో కరక్కాయ పట్టించిన ముక్క మీదే చూడండి. మామూలు గుడ్డ మీద వెలిసినట్టు కనిపించి మోసం చేస్తుంది.

– చింతపుల్ల బొగ్గు గీత దులిపితే పోతుంది. కలం గీత పోదు. ఇనుము కరక్కాయతో కలిసిన క్షణంలో నల్లబడుతుంది. కాబట్టి ముఖాలు, వేళ్లు బొగ్గుతోనే తేల్చుకోండి. టెన్షన్‌గా ఉంటే ముందు అంచు గీయండి.

– కలానికి చుట్టిన గుడ్డ రంగును పట్టి ఉంచుతుంది. మెల్లగా నొక్కితే దిగుతుంది. రంగుకో కలం.

– ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. తర్వాత పారే నీటిలోనే జాడించాలి. పాతవాళ్లు స్వర్ణముఖి నదికి వెళ్లింది అందుకే. బకెట్లో నానబెడితే మిగులు పటిక పక్కకు అంటి, తర్వాత ఎర్ర రంగులో ఉడికించినప్పుడు అక్కడా ఎర్రబడుతుంది.