పెన్‌డ్రైవ్‌తో ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కిస్తున్నారా?

ఓపెన్‌బీఎస్‌డీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్. దాని ఇన్‌స్టాలర్ ఇమేజ్‌లలో పెన్‌డ్రైవ్‌కి ఐఎస్ఓ కాకుండా ఐఎంజీ ఫైలే తీసుకోండి. ఐఎస్ఓ సీడీ కోసం. ఐఎంజీల్లోనూ మినీరూట్ వద్దు, ఇన్‌స్టాల్ అని ఉన్నదే మేలు. మినీరూట్‌లో సెట్స్ (అంటే సిస్టమ్ ఫైళ్ల మూటలు) ఉండవు, నెట్ నుంచి దించుకోవాలి. చాలా వైఫై కార్డులకు ఫర్మ్‌వేర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) విడిగా కావాలి కాబట్టి అక్కడే ఆగిపోతాం. నెట్ కేబుల్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలపొచ్చు.

ఇన్‌స్టాలర్ రూట్ డిస్క్ (సిస్టమ్ ఎక్కించాల్సిన డిస్క్) ఏదని అడిగినప్పుడు మాత్రం గబుక్కున ఎంటర్ కొట్టొద్దు. ప్రశ్నార్థకం టైప్ చేస్తే ఒక్కో డిస్క్ పేరు, సైజు చూపిస్తుంది. సైజు చూసి ఏది పెన్‌డ్రైవో తేల్చుకోండి.

సెట్స్ ఎక్కడున్నాయంటే 'డిస్క్' అనండి. సెట్స్ ఉన్న పార్టిషన్ (డిస్క్‌లో ఓ భాగం) ముందే మౌంట్ అయిందా, అంటే వాడుకకు తెరిచి ఉందా అంటే 'నో'. తర్వాత ఎస్‌హెచ్ఏ256.సిగ్ (సెట్స్ అసలైనవో కాదో సరిచూసే ఫైల్) లేదని, వెరిఫై చేయకుండా సాగాలా అని అడుగుతుంది. టెన్షన్ పడకండి, ఆ ఫైల్ ఇమేజ్‌లో ఉండదు. దించుకున్నప్పుడే ఇమేజ్ చెక్‌సమ్ (ఫైల్ మారలేదని చెప్పే కోడ్) సరిచూసుకుని ఉంటే, ధైర్యంగా 'యెస్' కొట్టండి.