ఫ్రెంచి మాట్లాడే సమాజాల్ని విజయనగరంలో ఉండి చదవాలంటే

పారిస్‌తో మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టినవాళ్లు ఏడాది గడిచినా ఫ్యాషన్లు, ఈఫిల్ టవరు దగ్గరే తిరుగుతుంటారు. మన ఉత్తరాంధ్రవాళ్లకి మారిషస్ తేలిక. 1834లో మొదలైన కూలి వలసల్లో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్లు అక్కడి చెరకు తోటలకి వెళ్లారు. ఉగాది ఇప్పటికీ అక్కడ ప్రభుత్వ సెలవు.

ఒక పెద్ద తెల్లకాగితం మీద అడ్డంగా ఐదు గడులు గీయండి: ఇల్లు, బడి, ఆఫీసు, పేపరు, గుడి. నిలువుగా మారిషస్, సెనెగల్, కెనడాలోని క్విబెక్, ఫ్రాన్స్. మొదటి నాలుగు గడుల్లో ఏ భాష నడుస్తోందో, ఎందుకు నడుస్తోందో రాయాలి. గుడి గడిలో మతానికీ సర్కారుకీ ఉన్న సంబంధం రాయాలి.

మారిషస్‌లో ఇంట్లో ఎక్కువగా క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాష), బడి పుస్తకాలు ఇంగ్లీషు, పేపర్లు చాలావరకు ఫ్రెంచి. 1810లో దీవి ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చినా, అక్కడివాళ్ల చట్టాలు, మతం, ఆచారాల జోలికి పోమని లొంగుబాటు ఒప్పందంలోనే రాసిచ్చారు. ఫ్రెంచి నిలిచింది అందుకే. సెనెగల్‌లో ఆఫీసులో ఫ్రెంచి, సంతలో అక్కడి స్థానిక భాష వొలోఫ్. క్విబెక్‌కి 1977 నాటి 101వ చట్టం, అంటే ఫ్రెంచి భాషా చట్టం చూడండి: షాపు బోర్డుల నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లల బడి దాకా అందులోనే ఉంది.

ఫ్రాన్స్ గుడి గడి దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. 1905 చట్టం మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిందని రాసి ఊరుకుంటారు. ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న ఆల్జాస్, మోజెల్ ప్రాంతాలు అప్పుడు జర్మనీ కింద ఉన్నాయి కాబట్టి ఆ చట్టం వాటికి అంటలేదు. అక్కడి కేథలిక్ పాదిరీలకి నేటికీ ప్రభుత్వమే జీతమిస్తోంది.

అంకెలతో ఇంకో చిక్కు. మనకి స్కాలర్‌షిప్ ఫారంలో కూడా కులం గడి ఉంటుంది కదా, ఫ్రాన్స్ జనాభా లెక్కల్లోనూ ఇలాంటివి దొరుకుతాయనుకుంటాం. అక్కడ మతం, జాతి అడగరు. ‘ఫ్రాన్స్‌లో ముస్లింలు ఇంతమంది’ అని ఎక్కడ కనిపించినా అది అంచనాయే. ఎవరి సర్వేనో, ఏ ఏడాదిదో తెలియకపోతే వాడొద్దు. కెనడా 2021 లెక్కల్లో మాత్రం రెండూ అడిగారు. కాబట్టి ఈ రెండు దేశాల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

పాత ఫ్రెంచి రాతలకి 1757 బొబ్బిలి యుద్ధాన్ని పట్టుకోండి. విజయనగరం రాజు పక్షాన ఫ్రెంచి సేనాపతి బుస్సీ సేన కోటని ముట్టడించిన కథ మనకి ముందే తెలుసు, ఫ్రెంచి సగమే అర్థమైనా దారి తప్పం. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్లో ఉచితంగా వెతకొచ్చు. ఏమీ రాలేదంటే పుస్తకం లేదని కాదు. 18వ శతాబ్దపు అచ్చులో పదం మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’లా ఉంటుంది. పేజీ బొమ్మని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ బుస్సీని కాస్తా ‘బఫీ’ చేసేస్తుంది! రెండు ఎస్‌ల చోట రెండు ఎఫ్‌లు కొట్టి మళ్లీ వెతకండి. ఊరి పేర్లకీ ఒకే స్పెల్లింగు పట్టుకు కూర్చోవద్దు. బొబ్బిలికి ఒక ‘బి’ తీసేసి, చివరి ‘ఐ’ బదులు ‘వై’ పెట్టి కూడా చూడండి.

వినడానికి ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ల సులభ ఫ్రెంచి వార్తలు రోజుకి పది నిమిషాలు చాలు. ముందు చూడకుండా వినండి, తర్వాత రాతప్రతితో సరిచూసుకోండి.

సర్టిఫికెట్ కావాలంటే డెల్ఫ్ అనే ఫ్రెంచి పరీక్షలో మధ్యస్థాయి అయిన బి1 రాయండి. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 వస్తే పాసు, కానీ ఏ ఒక్క భాగంలోనైనా 5 కంటే తగ్గితే ఫెయిలే. చదవడం మీదే ఉండిపోయేవాళ్లకి దెబ్బ తగిలేది మాట్లాడే భాగంలో.