తూటా కొలతలు చదవడం – 3వ పాఠం: మెడ సన్నబరిచిన పిస్టల్ తూటాలు

గత రెండు పాఠాల్లో కేస్ (బుల్లెట్‌ని, మందుని పట్టి ఉంచే లోహపు గొట్టం), రిమ్ (కేస్ అడుగు అంచు), షోల్డర్ (కేస్ మెడ వైపు సన్నబడే వాలు), మొత్తం పొడవు ఇవన్నీ బొమ్మలో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇవాళ ఆ కొలతలతోనే ఒక వైల్డ్‌క్యాట్ తూటా సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో కుదురుతుందో లేదో కాగితం మీద తేల్చుదాం.

పెద్ద కంపెనీలు తయారుచెయ్యనిది, ప్రమాణాల సంస్థ కొలతలు ఖరారు చెయ్యనిది వైల్డ్‌క్యాట్. ఉన్న కేస్ మెడని సన్నబరిచి, చిన్న బుల్లెట్ పట్టించడం దీనికి మామూలు దారి. అమెరికాలో ఇది చాలా పాత అలవాటు. మన దేశంలో మాత్రం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మన పని పెన్సిలు, కాలిక్యులేటరుతోనే.

కొత్తవాళ్లు మొదట అడిగేది వేగం ఎంత అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చే పెట్టె, చూడాలి. పిస్టల్‌లో మ్యాగజైన్ ఉండేది పిడి లోపల. తూటా పొడవు పెరిగితే పిడి మందం పెరగాలి, అప్పుడు చేతికి పట్టు దొరకదు. అందుకే మొత్తం పొడవు మనం ఎంచుకునేది కాదు, పిస్టల్ చెప్పేది.

కింది ఉదాహరణలు కంపెనీలు అమ్మిన తూటాలే, వైల్డ్‌క్యాట్‌లు కావు; కానీ మెడ సన్నబరిచిన తీరు ఒకటే కాబట్టి లెక్క నేర్చుకోవడానికి పనికొస్తాయి. .22 టీసీఎం సంగతి చూడండి. ఫిలిప్పీన్స్‌లోని ఆర్మ్‌స్కోర్ కంపెనీ కోసం ఫ్రెడ్ క్రెయిగ్ రూపొందించిన తూటా ఇది. .223 రెమింగ్టన్ రైఫిల్ కేస్‌ని పొట్టి చేసి తీసుకున్నారు. మొత్తం పొడవు సుమారు 32 మిల్లీమీటర్లు. .45 ఏసీపీ గరిష్ఠ పొడవు 32.4, కాబట్టి 1911 రకం పిస్టల్‌కి ఇది సరిపోయింది. 9 ఎంఎం తూటా గరిష్ఠం 29.69 మాత్రమే. ఆ కొలతకు కట్టిన పిస్టళ్లలో ఇది పట్టదు. వాటికోసం పొడవు తగ్గించి టీసీఎం 9ఆర్ అని వేరేగా తేవాల్సి వచ్చింది.

తర్వాత రిమ్. స్లైడ్ (పిస్టల్‌లో ముందుకూ వెనక్కీ జరిగే పై భాగం)లోని ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం ఖాళీ కేస్‌ని లాగేది రిమ్ పట్టుకునే. .223 రిమ్ వ్యాసం 9.6, 9 ఎంఎంది 9.96. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. అందుకే ఒకే 1911 రకం పిస్టల్‌కి టీసీఎం బ్యారెల్, 9 ఎంఎం బ్యారెల్ రెండూ ఇచ్చి అమ్మగలిగారు. మాతృ కేస్ ఎంపికలో ఇంత తెలివి నాకు ఇంకెక్కడా అంతగా కనపడలేదు.

ఇక మెడ. 1994లో వచ్చిన .357 సిగ్‌ది .40 ఎస్&డబ్ల్యూ వంశం. బుల్లెట్ 9 ఎంఎందే, కానీ మెడ పొడవు 3.8 మిల్లీమీటర్లే. మెడ కనీసం బుల్లెట్ వ్యాసమంత ఉండాలన్నది పాతకాలపు లెక్క. ఇక్కడ అందులో సగం కూడా లేదు. తూటా ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఎక్కేటప్పుడు బుల్లెట్ ముక్కు ర్యాంప్‌కి, అంటే దాన్ని పైకి నడిపే వాలుకి, తగులుతుంది. మెడ పట్టు చాలకపోతే బుల్లెట్ లోపలికి జరుగుతుంది, కేస్‌లో చోటు తగ్గి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. మెడ బొమ్మ చూడగానే మీకు ఈ టెన్షన్ రావాలి.

చివరిగా స్లైడ్ మీద పడే తోపుడు. బుల్లెట్ సన్నగా ఉంది కదా, దెబ్బ తక్కువే అనుకుంటారు. తోపుడు లెక్క బుల్లెట్‌ది కాదు, కేస్ అడుగుది: పీడనాన్ని అడుగు లోపలి వైశాల్యంతో గుణించాలి. .40కి గరిష్ఠ పీడనం 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357 సిగ్‌కి 40,000. అడుగు ఒకటే కాబట్టి తోపుడు సుమారు 14 శాతం ఎక్కువ. అసలు పీడనం ఎంతో ఊహతో తేలదు, ప్రయోగశాలలో కొలిచే బ్యారెల్‌తోనే తేలుతుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం: .380 ఏసీపీ మెడ సన్నబరిచి .32 ఎన్ఏఏ చేశారు, .32 ఏసీపీ నుంచి .25 ఎన్ఏఏ వచ్చింది. .380 రిమ్ 9.5, .32 ఏసీపీ రిమ్ 9.1, రెండు మాతృ తూటాల మొత్తం పొడవూ 25 మిల్లీమీటర్లే. ఒక్కో జంటలో మ్యాగజైన్, బ్యారెల్, స్లైడ్ ముఖం (కేస్ అడుగు ఆనే చోటు), ఎక్స్‌ట్రాక్టర్‌లలో ఏది మార్చాలో, ఏది అక్కర్లేదో కారణంతో సహా రాసుకురండి.